ఏరు తేలేదు సార్

‘ఏరు తెచ్చింది’ అని ఒక్క మాటంటే చాలు, ధరణి పేరు ముందు డాక్టర్ అని చేరిపోతుంది. అంటేగా!

2001 ఏప్రిల్. తిరుపతి యూనివర్సిటీలో పీహెచ్‌డీ మౌఖిక పరీక్ష, గది నిండా జనం. ఎదురుగా మద్రాసు నుంచి వచ్చిన పరీక్షకుడు సుందరరాజు. పక్కన ఆమె గైడు యతిరాజులు, నుదుటి నామం చెమటకు కరుగుతోంది. బల్ల మీద సీసాల్లో ధరణి అయిదేళ్ల చాకిరీ. పులికాట్ సరస్సు అవతల సముద్రపు ఒడ్డున తవ్వి తెచ్చిన ఇసుక.

ఆ ఇసుకలో గులాబీరంగు రేణువులున్నాయి. అవి పుట్టింది చంద్రగిరి కొండల్లో. అందులో ఎవరికీ పేచీ లేదు. అంత దూరం ఎలా చేరాయన్నదే తగాదా. స్వర్ణముఖి ఒకప్పుడు సరిగ్గా అక్కడే సముద్రంలో కలిసేదని పదేళ్ల కిందట యతిరాజులు వ్యాసం రాసి, ఢిల్లీ దాకా పేరు తెచ్చుకున్నారు. ఆయన శిష్యురాలే ఇప్పుడు కాదంటోంది. ఎంత పొగరు!

పొద్దున వరండాలో ఆయన బతిమాలారు కూడా. “నువ్వనేది నిజమే కావచ్చమ్మా. ఆ సంగతి ఈ రోజు మాత్రం ఎత్తకు. వచ్చే ఏడు రిటైరవుతున్నాను. నా పరువు తీయకు.”

ఆమెకు జాలేసింది. నిజంగానే జాలేసింది. అయితే మాత్రం, అబద్ధం మీద సంతకం పెట్టి డాక్టరనిపించుకోవడమా? ఛీ!

సుందరరాజు భూతద్దం పక్కన పెట్టాడు.

“నది కాదంటావు. ఎందుకని?”

“ఏరు తెచ్చింటే దారి పొడుగునా ఉండాల గదా సార్. ఇప్పటి ఏరు ఇడిసినాక ఆ ఒడ్డు దాకా ముప్పై చోట్ల తవ్వినాను. యాడా ఒక్క గింజ లేదు.”

“పోనీ, అలలు లాక్కొచ్చాయేమో.”

“అట్లయితే అరిగి నున్నగయ్యుండవా? సూడండి, అంచులు ఇంకా కోసుగా ఉండాయి.”

“గాలి?”

“ఇంత లావు గింజల్నా?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సుందరరాజుకు ఒళ్ళు మండింది.

“నది కాదు, అల కాదు, గాలి కాదు! మరి రెక్కలొచ్చి ఎగిరొచ్చాయా? పెద్దవాళ్ళను తప్పుపట్టడమేనా, రుజువేమైనా ఉందా? ఆఖరిసారి అడుగుతున్నాను. నది తెచ్చిందని ఒప్పుకుంటావా, పట్టా లేకుండా ఇంటికి పోతావా?”

యతిరాజులు తల దించుకున్నారు. ధరణి కుర్చీలోంచి లేచింది.

“ఇంటికే పోతా గానీ ఆ మాట అనను సార్, ఎనభై నాలుగులో తుపాను షెల్టరు కడతామంటే ఈ స్వర్ణముఖి ఇసకను అరవై లోడ్లు ఆడికి తోలి, పని నిలిచిపోతే కుప్పలు అట్నే వదిలేసొచ్చిన లారీ డ్రైవరు మా నాయన!”