తడిమే సూది

"ఎవరూ కాళ్లు కదపకండి. ఊపిరి మాత్రం తీసుకోవచ్చు!"

కూతురి హెచ్చరికకు ప్రయోగశాలలో ఉన్న ముగ్గురు పరిశీలకులూ కుర్చీల్లో బిగుసుకుపోయారు. మూల స్టూలు మీద కూర్చున్న తల్లికి నవ్వొచ్చింది. ఇంట్లో ఎవరి మాటా వినని మొండిఘటం, ఇక్కడ అంతలేసి పెద్దవాళ్లను బొమ్మల్లా కూర్చోబెట్టింది మరి!

ఈ పూట మెషిన్ తెర మీద పరమాణువులు కనబడకపోతే దాన్ని వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. పిల్ల మూడేళ్ల కష్టం నీళ్లపాలే.

"ఇది నీవల్ల కాదని మొదటి రోజే చెప్పానమ్మా," అన్నాడు వాళ్లలో పెద్ద ప్రొఫెసర్. "యాసిడ్‌లో మునిగిన బంగారం మీద ఒక్కో పరమాణువునూ పట్టుకోవడమంటే మాటలా?"

"ఈ మెషిన్ చూడదు సార్, తడుముతుంది. సూది మొన బంగారాన్ని తాకీ తాకకుండా పోతూ ఎత్తుపల్లాలు చెబుతుంది."

"సూదికి మైనం పూసిందెవరు?"

"నేనే సార్. మొన ఒక్కటే బయటికుండాలి. లేకపోతే కరెంటు యాసిడ్‌లోకి కారిపోతుంది."

తల్లి మెడ నిటారుగా లేచింది. దర్జీ పని చేసే తనే ఆ పిల్లకు సూది పట్టడం నేర్పింది. ఆరేళ్లకే దారం కొసను నాలుకతో తడిపి చటుక్కున ఎక్కించేసేది, గడుగ్గాయి!

కూతురు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సూదిని దించే మరను వెంట్రుకవాసి తిప్పింది. మొనకు కరెంటు అందిందని చెప్పే చప్పుడు చెవిలో సన్నగా మొదలైనట్టుంది, ముఖం విప్పారింది. తెర మీద మాత్రం గీతలన్నీ అలుక్కుపోయాయి. పెద్ద ప్రొఫెసర్ పెదవి విరిచాడు.

"చప్పుడు వణుకుతోంది. ఎవరో మోకాలు ఆడిస్తున్నారు," అంది కూతురు.

ఆయన గతుక్కుమని తన మోకాలు అదిమి పట్టుకున్నాడు.

నిమిషం గడిచింది. గీత మీద గీత పడుతూ తెర నిండా గుండ్రటి చుక్కలు తేలాయి, బారులు తీరి. పెద్ద ప్రొఫెసర్ లేచి నిలబడ్డాడు.

"పొరపాటు నాదేనమ్మా. మెషిన్ నీదే."

గదిలో చప్పట్లు మోగాయి. తల్లి పరుగున వెళ్లి కూతురి బుగ్గలు పుణికింది.

"ఎలా ఉన్నాయమ్మా? నువ్వు చెప్పు," అడిగింది కూతురు.

"పక్కపక్కనే ముత్యాలు పేర్చినట్టున్నాయే తల్లీ! ఒక్కటీ వరస తప్పలేదు. ఎంత గర్వంగా ఉందో!"

పుట్టిన నాటి నుంచీ ఆ పిల్లకు చూపు లేదు.