రేపు నర్సంపేట

బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది. దాంతో ఆ పూటకు శ్యాంసుందర్ దగ్గర మిగిలిన చివరి సాకు కూడా చేజారింది.

అయినా అతను నర్సంపేట దారి పట్టలేదు. వీధి చివర చాయ్ హోటల్ ముందు ఆగి, అక్కడికి పోయాక ఏం మాట్లాడాలో ఒకసారి అనుకుందామని కూర్చున్నాడు. ఎండాకాలం నుంచి అనుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు వానలు పడుతున్నాయి.

శ్యాంసుందర్ హన్మకొండలో తూకం వేసే ఎలక్ట్రానిక్ కాంటాలు అమ్మే కంపెనీలో సేల్స్‌మన్. నర్సంపేటలో లక్ష్మీనారాయణ సేటు పెద్ద వడ్ల వ్యాపారి. ఆయన కాంటా మారిస్తే బజారంతా మారుస్తుందని అందరూ అంటారు. ఆ సేటు ఒక ఏజెంటును నడిబజార్లో నిలబెట్టి మాటలతో కడిగేశాడని కూడా అంటారు. శ్యాంసుందర్ చెవికి ఈ రెండో మాటే బాగా ఎక్కింది. సోమవారం సేటుకు తీరిక ఉండదు. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదు. మిగతా రోజుల్లో మబ్బు పడుతుంది, లేదంటే ఎండ కాస్తుంది. భయమని ఒప్పుకోవడానికి మనసు రాక దానికి ప్లానింగ్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ ప్లానింగ్ చేసే సేపట్లో నర్సంపేటకు నడిచి పోయి రావచ్చని భార్య వినోద రోజూ అనేది.

రెండో చాయ్ సగంలో ఉండగా మేనేజర్ రాజేశ్వర్ రావు ఫోన్ చేసి, ఎక్కడున్నా ఆఫీసుకు రమ్మన్నాడు.

మామూలుగా ఆయన ఎవరినైనా నిలబెట్టి అరిచే మనిషి. ఆ రోజు కూర్చోమన్నాడు. తలుపు దగ్గరికి వేశాడు. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీశాడు.

“శ్యాం, కొన్ని పనులుంటయి. చెయ్యక తప్పది. గని చెయ్యబుద్ధి కాదు. రేపు చూద్దాం తియ్ అనుకుంటం.”

శ్యాంసుందర్ తల దించుకున్నాడు.

“ఎదుటి మనిషి మొఖం చూస్తే నోట్లెకెల్లి మాట రాదు. రాత్రి నిద్ర పట్టది. ఎన్నాళ్లు తప్పించుకుంటం చెప్పు? ఎప్పుడన్న ఒకనాడు చెప్పాల్సిందే గద.”

తన కడుపులో ఉన్నది ఉన్నట్టు ఇంకొకరు చదివి వినిపిస్తుంటే శ్యాంసుందర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తిడితే దులుపుకుని పోయేవాడు. ఇంత మెత్తగా చెబితే ఏం చేయాలో అతనికి తెలియలేదు.

“ఇంక చెప్పకుండ్రి సార్. నాకు సమజైంది.”

“సమజైందా?” రాజేశ్వర్ రావు కుర్చీలో వెనక్కి వాలాడు. నెత్తి మీది మూట దించినట్టయింది ఆయన ముఖం.

“ఒక్క నెల ఇయ్యండ్రి సార్, చాలు.”

“నెలకేముంది, తీసుకో. నాకైతే మస్తు బాధ అయితాంది శ్యాం.”

తన గురించి బాధపడే మేనేజరు ఎంతమందికి దొరుకుతాడని ఆ రాత్రి వినోదతో అన్నాడు. దొరికాడు కదా, రేపన్నా పొమ్మంది ఆమె.

మెదడు నిద్రలేచి సాకులు వెతకకముందే బండెక్కాలని తెల్లారి ముఖం కడుక్కుని బయల్దేరాడు. చాయ్ కూడా తాగలేదు. సగం దారిలో మెదడు లేచి, వెనక్కి తిరుగుదామంది. తిరిగినా అంతే దూరం కదా అని ముందుకే పోయాడు.

లక్ష్మీనారాయణ సేటు నిజంగానే కడిగేశాడు. కాంటాల కంపెనీవాళ్లు అమ్మేదాకా కాళ్లు మొక్కుతారని, చెడిపోతే ఫోనెత్తరని అన్నాడు. యాసంగి వడ్లప్పుడు తూకం తప్పితే రైతులు తనను దొంగ అన్నారట. తండ్రి కాలం నుంచి ఆ ఇంటి మీద ఆ మాట పడలేదట.

శ్యాంసుందర్ నెలల తరబడి తయారుచేసుకున్న ప్రసంగంలో ఒక్క ముక్కా గుర్తురాలేదు. కాంటా చెడితే తానే వస్తానని మాత్రం అన్నాడు.

“అమ్మేటందుకే ఇంత ఆలస్యంగ వచ్చినవ్. బాగు చేసేటందుకు జల్ది వస్తవా?” అన్నాడు సేటు.

“మీకు భయపడి ఇన్నొద్దులు రాలే సేటు.”

సేటు అతన్ని ఎగాదిగా చూసి, కడుపు పట్టుకుని నవ్వి, చాయ్ తెప్పించాడు.

తిట్లు తిన్నాక కూడా మనిషి బతికే ఉంటాడని తెలియడం శ్యాంసుందర్‌కు పెద్ద చదువైంది. సేటు కొన్న కాంటాకు రెండుసార్లు చిన్న ఇబ్బంది వస్తే, వానలోనే పోయి సరిచేసి వచ్చాడు. ఆ తర్వాత నర్సంపేట బజారే అతనికి ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ములుగులో అటవీ సరుకు కొనే దుకాణాలు, రఘునాథపల్లిలో పత్తి కొనేవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు పిలిచారు. మబ్బున్నా పోయాడు, ఎండున్నా పోయాడు. మంగళవారం కూడా పోయాడు.

ఆఫీసులో అందరూ తనను గౌరవంగా చూడటం అతను గమనించాడు. ఎదురైతే భుజం తట్టేవారు. చాయ్‌కి అతన్ని జేబులో చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు. రాజేశ్వర్ రావు అయితే కళ్లలోకి చూడలేక పక్కకు తిరిగేవాడు. పని చేసేవాడికి దక్కే మర్యాద ఇదీ అనుకుని శ్యాంసుందర్ కాలర్ సర్దుకునేవాడు.

నెల ముగిసే రోజు రాజేశ్వర్ రావు మళ్లీ పిలిచాడు. ఈసారి ఆయనే లేచి ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు.

“ఇన్నేండ్ల సర్వీసుల నీ అసొంటి మనిషిని చూడలే శ్యాం. వేరేటోడైతే ఈ నెలంత ఇంట్ల పండుకుంటుండె. హైదరాబాద్ హెడ్డాఫీసోళ్లతోటి పొద్దుగాల కొట్లాడిన. ఒప్పుకున్నరు. నువ్వేడికి పోవుడు లేదు.”

శ్యాంసుందర్‌కు అర్థం కాలేదు. “నేనేడికి పోతాన్న సార్?”

రాజేశ్వర్ రావు అతని చేతులు వదిలి, కళ్లద్దాలు తీశాడు.

“ఆనాడు నిన్ను నౌకరిలకెల్లి తీసేసిన గద.”