బిస్కెట్ రంగు ప్లగ్గు

“ఏంది సార్, ఏడాదిగా ఈ బండి స్టార్ట్ చెయ్యలేదంటిరే! ప్లగ్గు వేరే మాట చెప్తా ఉంది,” అన్నాడు మెకానిక్ అమీర్ బాషా.

పెంచలకృష్ణ దగ్గరికొచ్చి చూశాడు. చనిపోయిన భార్య ఉషారాణి స్కూటీ అది. అమ్మేద్దామని మైపాడు రోడ్డులోని ఈ షెడ్డు దాకా నెట్టుకొచ్చాడు. కొనబోయే హజరత్తయ్య పక్కనే నిలబడి ఉన్నాడు.

“నిలబెట్టేసిన బండయితే ప్లగ్గు తుప్పు పట్టాల. ఇది చూడండి, బిస్కెట్ రంగులో ఉంది. అంచున మాత్రం కాస్త మసి. ఎవురో రోజూ తోలతా ఉండారు. మెల్లగా. స్పీడు ఇరవై దాటినట్టు లేదు.”

ఉష కూడా ఇరవై దాటేది కాదు. పెంచలకృష్ణ వంగి, టైరుకు అంటిన ఇసుకను వేలితో తీశాడు. ఇంకా తడిగానే ఉంది.

“తాళం ఉష ఫొటో పక్కనే మేకుకు ఉంటుంది బాషా. ఇంట్లో నేను, మా అమ్మ. అమ్మ ఆటో ఎక్కాలన్నా ముందు దణ్ణం పెట్టుకుంటుంది.”

“అయితే దయ్యమా సార్ తోలేది?” హజరత్తయ్య నవ్వాడు. “ఇంతకీ ఇస్తారా, ఇయ్యరా?”

“రేపు చెప్తాను.”

బాషా ప్లగ్గును బ్రష్‌తో రుద్ది, మొన దగ్గర సందు సరిచూసి, మళ్లీ బిగించాడు. “ఎవురైనా గానీ సార్, బండిని బాగా చూసుకుంటా ఉండారు.”

మర్నాడు తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. మేకుకు తాళం లేదు. వాకిట్లో బండి లేదు. చప్పుడు కాకుండా నెట్టుకుపోయినట్టు, వీధి ఇసుకలో టైరు చార.

అతనికి భయం వేయలేదు. గేటు పట్టుకుని నిలబడ్డాడు. మంచులో ఎదురిల్లు కూడా కనిపించడం లేదు. సముద్రం హోరు మాత్రం వినిపిస్తోంది. ఒక మనిషి కోసం ఇలా ఎదురుచూసి ఏడాదైంది. హజరత్తయ్యకు ఏం చెప్పాలో అప్పుడే తేలిపోయింది.

మంచులోంచి పసుపుపచ్చటి వెలుగు ఒకటి మెల్లగా, చాలా మెల్లగా వచ్చింది. దాని వెనక ఉష నీలం హెల్మెట్.

బండి వాకిట్లో ఆగింది. గేటు పక్కనున్న కొడుకును చూడకుండానే ఆదిశేషమ్మ హెల్మెట్ తీసి, తెల్లజుట్టు వెనక్కి తోసుకుని, సీటు మీద ప్రేమగా తట్టింది: “లైసెన్సుకని నువ్వు నేర్పిన ఎనిమిదంకె, ఈ పొద్దు కాలు కింద ఆనకుండా తిప్పేసినానే, ఉషా!”