రెండు ఖాళీలు

జోగమ్మ చేతికట్టు ఇంకా విప్పలేదు, మిషన్ల కంపెనీ మనిషి హరిబాబు ఇంటికొచ్చాడు. కాశీబుగ్గ షెడ్డులో జీడిపిక్కలు కోసే కొత్త మిషను ఆమె చూపుడువేలు తెగ్గొట్టి అప్పటికి ఆరు రోజులైంది.

"చేతికి ఆముదం రాసుకుని మిషను ముందు కూర్చుంటే జారదామ్మా? తప్పు నీదే. అయినా మా సారు జాలిపడి ఇరవై వేలు పంపారు."

జోగమ్మ తల దించుకుంది. జీడి చమురు చర్మాన్ని కాల్చేస్తుందని షెడ్డులో ఆడవాళ్లంతా ఆముదం పూసుకున్నాకే పనిలో కూర్చుంటారు. ఆ అలవాటే తన వేలు తీసిందని ఆరు రోజులుగా తనను తానే తిట్టుకుంటోంది.

"ఆ కత్తి మీద రేకుమూత ఎయ్యనేదేటి బాబూ?"

"వేస్తే ప్రతి మిషనుకీ తొమ్మిది వందలు పెరుగుతుంది. ఎప్పుడో ఒక వేలికి ఇచ్చుకోవడమే చవక." హరిబాబు నవ్వి కాగితం ముందుకు తోశాడు. "సంతకం పెట్టు."

జోగమ్మ కూడబలుక్కుని చదివింది. 'చేతికి ఆముదం ఉన్నందున వేలు జారి తెగినది. తప్పు నాదే.' అంతా అచ్చు. పెన్నుతో నింపినవి రెండే: ఆమె పేరు, వేలి పేరు. అడుగున ప్రెస్సు వాళ్లు వేసిన అచ్చు తేదీ ఉంది. అది షెడ్డుకి మిషన్లు రావడానికి ముందటి ఏడాదిది.

జోగమ్మ ఆ కాగితాన్ని ఎంగిలాకులా కొసన పట్టుకుని అతని ఒళ్లో పడేసింది.

"మా ఆముదం సంగతి ముందే తెలుసన్నమాట. ఏ ఏలు తెగతాదో ఒక్కటే తెల్క ఖాళీ వొదిలేసినారేటి?"