మిగిలింది ఒక్కరే

"చెప్పనంటే చెప్పను. తెర మీద కనిపించే అంకెలు కన్నతల్లి అడిగినా చెప్పకూడదని క్లాసులో చెప్పింది నువ్వే!"

"అవును బాబాయ్‌గారూ, చెప్పింది నేనే. ఇప్పుడు అడుగుతున్నదీ నేనే."

"దొంగ కూడా సరిగ్గా అదే మాట అంటాడని చెప్పావు. రాసుకున్నా. పుస్తకం ఇక్కడే ఉంది."

"నా గొంతు గుర్తుపట్టలేరా?"

"గొంతులు కూడా తయారుచేస్తున్నారని చెప్పింది ఎవరమ్మాయ్? మనిషి ఎదురుగా నిలబడి, మెడలో కార్డు చూపిస్తేనే నమ్మమన్నావు. ఫోన్లో కార్డెలా చూపిస్తావు?" గెలిచినవాడి గొంతుతో అని, ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆమె తల పట్టుకుంది. నీటి సరఫరా ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగం ఆమెది. ఊళ్లోని పంపులు, గేట్లు, నీళ్లలో కలిపే మందు మోతాదు, అన్నిటినీ సిబ్బంది ఇళ్ల దగ్గర్నుంచే కంప్యూటర్ల మీద నడిపిస్తారు. అందుకు వాడే పాత సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసినవాళ్లే వదిలేస్తున్నారు. ఈ సాయంత్రం ఆరు దాటితే దాన్ని పట్టించుకునే నాథుడుండడు. ఎక్కడ కన్నం పడినా పూడ్చేవాళ్లుండరు. ఆ కన్నంలోంచి ఎవడు దూరితే ఊరి నీళ్లు వాడి చేతిలో ఉన్నట్టే. అందుకే అందరినీ కొత్తదానికి మార్చాలి; తెర మీద వచ్చే అంకెలు చెబితే ఆమె ఫోన్లోనే మార్చేస్తుంది. అరవై మూడు మందిలో అరవై రెండు మంది మారారు.

మిగిలింది పెద్ద ట్యాంకు ఆపరేటరు. పంపుల బాబాయ్ అంటారు అందరూ.

నెల రోజులుగా ఆమె ఆయనకి రాయని ఉత్తరం లేదు. 'మా టీమ్ మీకు అడుగడుగునా తోడుంటుంది' అని రాసింది. బొమ్మలు గీసి పంపింది. బతిమాలింది, కోప్పడింది, ఒకసారి ఏడుపొక్కటే తక్కువ. ఆయన మాత్రం ఆమె పాఠాన్నే ఆమెకి అప్పజెప్పేవాడు. అంత మంచి విద్యార్థి ఇంకెవరికీ దొరక్కూడదనుకుంది.

మధ్యాహ్నం క్యారియర్ విప్పితే మూతలో చీటీ ఉంది. పెళ్లై రెండు నెలలు కాలేదు, భర్తకి ఇంకా చీటీల సరదా తీరలేదు. 'ఆ ఒక్కడూ ఈరోజు లొంగుతాడు. లొంగకపోతే నేనొచ్చి ఆయన గుమ్మంలో ఏడుస్తా.' ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. చీటీ మడిచి పర్సులో పెట్టుకుని మేనేజరు గదికి వెళ్లింది.

"పాతది ఆపేద్దాం సార్. ఆయన మారరు."

"ఆపేస్తే పంపులు నువ్వు నడుపుతావా? ఆ మోకాళ్లతో ఆయన ట్యాంకు దాకా వెళ్తాడా? ముందు మార్చు, తర్వాత ఆపెయ్యి. సిగ్గేస్తే మారతాడులే. మారనివాళ్ల జాబితా వెబ్‌సైట్లో పెట్టమన్నాను, పెట్టావా?"

"వారం నుంచీ ఉంది సార్. పేరు, అడ్రసు, ఏ పంపు, అన్నీ. ఇప్పుడు ఆయనదొక్కటే మిగిలింది."

"మరింకేం!"

"నేనే వాళ్లింటికి వెళ్తాను సార్. కార్డు చూపిస్తాను."

"వెళ్లు. కానీ ఆరులోపు అవ్వాలి. అవ్వలేదో, నీ కాంట్రాక్టు గురించి సోమవారం మాట్లాడుకుందాం."

రెండు బస్సులు మారి, పనిచెయ్యని లిఫ్టుని తిట్టుకుంటూ మూడంతస్తులెక్కి, మెడలో కార్డు సరిచేసుకుని ఆమె బెల్లు నొక్కేసరికి నాలుగైంది. ఆయన భార్య తలుపు తీసింది.

"అయ్యో, ఈ ఎండలో పడి వచ్చావా తల్లీ? మేం మారిపోయాంగా!"

"మారిపోయారా?"

"గంట దాటింది. అదిగో, మీ బాబాయ్ పెళ్లికొడుకులా కూర్చున్నారు కంప్యూటర్ ముందు."

ఆమె కాళ్లలో ఉన్న నొప్పంతా ఎటు పోయిందో! కుర్చీలో కూలబడి, పిన్నిగారిచ్చిన నీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగేసింది. 'లొంగాడు! ఏడవక్కర్లేదు' అని భర్తకి మెసేజ్ పెట్టింది.

"నన్ను నెల రోజులు ఏడిపించి, మీ అంతట మీరే చేసుకున్నారన్నమాట!"

"నాకంత చేతనైతే నిన్నెందుకు ఏడిపిస్తానమ్మాయ్? మీ టీమ్ ఆయన వచ్చి చేసిపెట్టాడు."

"ఎవరు?"

"కళ్లద్దాలాయన. నలభై ఏళ్లుంటాయి. మా మొత్తం లిస్టులో మీరొక్కరే మిగిలారండీ అని తెగ బాధపడ్డాడు. నేనేం ఊరికే నమ్మలేదు! గుమ్మంలోనే నిలబెట్టి, మెడలో కార్డు చూసి, ఫొటో పక్కన మొహం పెట్టి పోల్చి, అప్పుడు లోపలికి రానిచ్చా. నువ్వు చెప్పింది చెప్పినట్టు."

"అదీ, ఆయన జాగ్రత్త," అంది పిన్నిగారు మురిసిపోతూ.

"ఏమేం అడిగాడు బాబాయ్‌గారూ?"

"తెర మీద అంకెలు అడిగాడు, చెప్పా. పంపుల పాస్‌వర్డు చెప్పా. మందు మోతాదు ఎక్కడ మారుస్తారో చూపించమంటే అదీ చూపించా. మనిషి ఎదురుగా ఉన్నాడుగా మరి! నీకు ఫోన్ చేద్దామంటే, 'మేడమ్‌కి నేను చెబుతాలెండి, మీరెందుకు శ్రమపడతారు' అన్నాడు. ఎంత ఓపికనుకున్నావు! మీ టీమ్‌లో అందరూ అంతేనా?"

పిన్నిగారు ఖాళీ గ్లాసు అందుకుని, ఇంకాసిని నీళ్లు కావాలా అని అడిగింది.

ఆ టీమ్‌లో ఉన్నది ఆమె ఒక్కతే.