తోక ఉన్న రంధ్రం

చుక్కల మీద అక్షరాలు దిద్దడం నేను మనవరాలితో పాటే నేర్చుకున్నాను. ఒత్తులు అక్కడక్కడ తప్పి ఉంటే సర్దుకుని చదవండి. ఇది రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. చదవడానికి మీకు అంత పట్టదు.

"స్ఫూర్తమ్మా, గీ బొక్కకు తోక ఎందుకు?"

మారెప్ప అప్పుడే గ్యాసుతో కోసిన ఇనుప పలకను డ్రాయింగు గది గోడకు ఆనించాడు. పలక నడుమ గుండ్రటి రంధ్రం. దాని అంచు నుంచి కిందికి వేలెడు పొడుగున వంకర చీలిక.

"బొక్కనా? ఏ బొక్క?" స్ఫూర్తి కుర్చీలోంచి లేచింది.

"నన్నడుగుతవేందమ్మా? నువ్వు గీసినవ్, నేను కోసిన. బొక్క అల్కగనే అయ్యింది గానీ, ఆ తోక కోసెతందుకు తలపానం తోకకొచ్చింది."

పోతనాళలో ఒక రైసు మిల్లు. అక్కడ ఊక పోయే గొట్టానికి గోడవైపున్న పలక అరిగిపోయింది. సీజను కనుక మిల్లు ఆపి కొలతలు తీసుకోనివ్వలేదు. మిల్లు పెట్టినప్పుడు మెషిన్ కంపెనీ ఇచ్చిన పాత ప్రింటు రాయచూరులో వెంకోబరావు వర్క్‌షాపు బీరువాలో దొరికింది. స్ఫూర్తి దాన్ని స్కాన్ చేసి, ఆ బొమ్మను కంప్యూటర్లో మసకగా వెనక పరిచింది. ఒక అంచు పొడవును అసలు కొలతకు సరిపెట్టి, పైనుంచి గీతలన్నీ దిద్దింది. ఒక్కటీ వదల్లేదు.

ఇప్పుడు బీరువాలోంచి ఆ ప్రింటు తీసి కిటికీ వెలుగులో పెట్టింది. గీతలన్నీ నీలం రంగులో ఉన్నాయి. ఆ వలయం ఒక్కటే గోధుమ రంగులో ఉంది. ఎవరో ఎప్పుడో టీ గ్లాసు పెట్టారు. కిందికి కారిన టీ తోకయింది. నలుపు తెలుపు స్కానులో అన్నీ గీతలే.

ఈ పలక సరిగ్గా కూర్చుంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికేనని వెంకోబరావు ముందే చెప్పాడు. ఉద్యోగం పోతే మాన్వి ఊరి పెళ్లి సంబంధానికి తల వంచాలని ఇంట్లో షరతు.

హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ శివరామకృష్ణయ్య దగ్గరికి పరుగెత్తింది. "సార్, అది బొక్క కాదు. టీ మరక!"

"మెల్లగ!" ఆయన తలుపు వైపు చూశాడు. "నువ్వు గీసినవ్. నేను చెక్ చేసిన. ఓనర్ అప్రూవ్ చేసిండు. మూడు సంతకాలైనంక ఇంక మరక యాడిది?"

శక్తినగర్ కరెంటు ప్లాంటు పనులు దొరికినప్పటి నుంచి ఆ వర్క్‌షాపులో గొళ్లేనికైనా మూడు సంతకాలు ఉండాల్సిందే. చూడాలని మాత్రం నియమం లేదు.

"మీరు చెక్ చేసేటప్పుడు కనపడలేదా సార్?"

"నాకు నేర్పుతవా? గీ మిల్లుకు పోయినసారి పలక గీసింది నేనే. గీ ప్రింటు మీదనే ట్రేసింగ్ కాగితం పరిచి చేత్తోని గీసిన. చెదలు తినకపోతే ఇప్పుడు చూపెడ్తుంటి. ఒక్క గీత ఇడిస్తే నన్నడుగు!"

అంతలో వెంకోబరావు వచ్చాడు. పలక చూసి ఆగాడు. "గిదేంది?"

"పరిశీలన రంధ్రం సార్. లోపల ఊక ఆడుతున్నదో లేదో చూసెతందుకు," అన్నాడు శివరామకృష్ణయ్య, రెప్ప వేయకుండా.

"మరి తోక?"

"గాలికి సార్."

తనకు తెలియదని ఒప్పుకోవడం వెంకోబరావుకు అలవాటు లేదు. "అవు మల్ల, గాలి ముఖ్యం. అయితే ఊక బయటికి కొట్టదా?"

"మూత పెడ్తం సార్."

"శభాష్! స్ఫూర్తీ, మూతకు డ్రాయింగ్ తియ్యి."

తీసింది. మూతకూ తోక పెట్టింది. దానికీ మూడు సంతకాలయ్యాయి.

సీజను అయ్యాక అందరూ పోతనాళ వెళ్లారు. రంగు ఆరలేదని మూత మాత్రం రాయచూరులోనే ఉండిపోయింది. పాత పలక విప్పడానికి మారెప్ప గొట్టం వెనక్కి దూరాడు. మిల్లు యజమాని యోగానంద్ కొత్త పలక చుట్టూ తిరిగాడు.

"ఏవండీ వెంకోబరావుగారూ, ఈ కన్నమేంటండీ? పాతదానికి ఉన్నట్టు నాకైతే గుర్తులేదు."

"గిది కంప్యూటర్ డిజైన్ సార్. కొత్త మోడల్."

"మూతేదండీ మరి? కన్నంలోంచి ఊకంతా నా మొహాన కొడితే, ఆ కంప్యూటరొచ్చి తుడుస్తుందా? పట్టుకుపోండి మీ పలక!"

వెంకోబరావు గొంతు మారిపోయింది. "డిజైన్ ఈ అమ్మాయిది సార్. ఆమెనే అడగండి."

శివరామకృష్ణయ్య పైకప్పు రేకులు చూస్తున్నాడు. స్ఫూర్తి ఇద్దరినీ చూసింది. ఇక దాచి కాపాడుకునేది ఏమీ కనపడలేదు.

"అది డిజైన్ కాదు సార్. పాత ప్రింటు మీద టీ గ్లాసు పెట్టిన మరక. నేను చూడక గీసిన. వీళ్లు చూడక సంతకం పెట్టిండ్రు."



"రేపటి నుంచి రాకు," అన్నాడు వెంకోబరావు. "ఇరవై ఏండ్ల నుంచి గీ మిల్లుకు పని చేస్తున్నం. గిసొంటి తప్పు మా దగ్గర ఎన్నడన్న అయిందా, శివరామకృష్ణయ్యా?"

"ఎన్నడు లేదు సార్. గీ కాలం పిల్లలకు చూపే లేదు."

గొట్టం వెనక సుత్తి దెబ్బలు ఆగాయి. ఏళ్ల నాటి ఊక దుమ్ము జలజల రాలింది. పాత పలకను చేతుల్లో పట్టుకుని, తలంతా తెల్లబడిన మారెప్ప నవ్వుతూ బయటికొచ్చాడు.

"కొత్త మూత ఎందుకు సార్, పాతదాని మూతే తోకతో సహా సరిపోతది!"

— జయాబాయి, అరవై ఆరేళ్లు. ఇప్పుడు ఉండేది శక్తినగర్‌లో, కూతురి క్వార్టర్స్‌లో.