రెఫరీ తిన్న ఉప్పు

మిర్యాలగూడ గ్రౌండ్ గేటు ముందు, సూర్యాపేట అభిమానులతో కదలబోయిన డీసీఎం వ్యాన్‌కు లక్ష్మణ్ అడ్డంగా నిలబడ్డాడు. ఆఖరి నిమిషంలో తమవాళ్లు కొట్టిన గోల్ చెల్లదన్నాడు రెఫరీ. ఫుట్‌బాల్ లీగ్ కప్పు మళ్లీ మిర్యాలగూడకే పోయింది.

"గది గోల్ కాదా? గుడ్డోనికి గూడ కనబడ్డది!" లక్ష్మణ్ గొంతు చించుకున్నాడు. "ఏటా ఫైనల్ గీడనే. ఆ రెఫరీగాడు పండేది వీళ్లింట్ల, తినేది వీళ్లింట్ల. పోయినేడు కోదాడోళ్లను గిట్లనే ముంచిన్రు. వాళ్ల ఉప్పు తిన్నోడు మనకు న్యాయం చేస్తడా? థూ, సిగ్గుండాలె!"

సూర్యాపేట జట్టును పోషించే రైస్‌మిల్లు ఈశ్వరయ్య, లీగ్ కమిటీతో పోట్లాడి అప్పుడే బయటికి వచ్చాడు.

"గోల్ ఇయ్యరట. నేను ఊకోలే. వచ్చే యేడు ఫైనల్ మన సూర్యాపేటల పెడతమన్నరు. రెఫరీ మా ఇంట్లనే దిగుతడు."

లక్ష్మణ్ చెమట తుడుచుకుని దగ్గరికి వచ్చాడు. ఈశ్వరయ్య ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉడకదని అతనికి తెలుసు.

"సేటూ, సారుకు అన్నం మా ఇంట్ల పెడత. మా మందల మంచి పొట్టేలున్నది. రెఫరీ సారు తలకాయ కూర తింటడా?"